మూత్రం లీక్‌కు ఆపరేషన్ చేయించుకుంటే శృంగార జీవితం ఏమవుతుంది?

మూత్రం లీక్ అవుతోందని ఆపరేషన్‌కు సిద్ధపడిన మహిళ డాక్టర్‌ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. లీక్ పూర్తిగా ఆగిపోతుందా? ఎన్నాళ్లు రెస్ట్ తీసుకోవాలి? మళ్లీ వచ్చే అవకాశం ఉందా? వీటి వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది. అది చాలామందికి గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది: ఆపరేషన్ తర్వాత కలయిక మునుపటిలా ఉంటుందా, బాగుపడుతుందా, ఇంకా పాడవుతుందా? కత్తి పడేది ఎక్కువగా యోని ముందుగోడ మీద, మూత్రనాళానికి ఆనుకుని. కాబట్టి ఈ అనుమానం రావడం సహజమే. కానీ పైకి అడిగేవాళ్లు తక్కువ, అడగకుండానే వివరించే డాక్టర్లు ఇంకా తక్కువ.

ఈ మొహమాటం ఎంత పాతదో 1988లో హిల్టన్ అనే బ్రిటిష్ వైద్యుడు రాసిన వ్యాసం చూస్తే తెలుస్తుంది. యూరోగైనకాలజీ (మహిళల మూత్ర సమస్యలు చూసే విభాగం) క్లినిక్‌కు వచ్చిన, లైంగిక జీవితం ఉన్న 324 మంది మహిళలను విడిగా అడిగితే 79 మంది కలయిక సమయంలో మూత్రం పోతోందని ఒప్పుకున్నారు. అంటే సుమారు నలుగురిలో ఒకరు. వచ్చిందే మూత్ర సమస్యతో అయినా, ఈ ఒక్క సంగతి తమంతట తాము చెప్పినవాళ్లు అరుదు. అందుకే ఆయన తన వ్యాసం శీర్షికలోనే ఇది తరచూ కనిపించే, కానీ రోగులు అరుదుగా బయటపెట్టే లక్షణమని రాశాడు.

లీక్ అంతా ఒక్క రకం కాదు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బరువెత్తినా చుక్కలు పడిపోవడం ఒకటి. పొట్టలో ఒత్తిడి పెరిగినప్పుడు వచ్చేది కాబట్టి దీన్ని స్ట్రెస్ లీక్ అంటారు. రెండోది ఉన్నట్టుండి ఆపుకోలేనంత అర్జెంటుగా వచ్చి, బాత్రూమ్ చేరేలోపే పోయేది. దీనికి అర్జ్ లీక్ అని పేరు. మూత్రాశయం కండరం తన ఇష్టం వచ్చినట్టు బిగుసుకోవడం దీని మూలం. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. ఈ తేడా ఇక్కడ ఎందుకంటే స్లింగ్, టేప్ (రెండూ మూత్రనాళం కింద ఆనికగా వేసే పట్టీలే), కుట్లు అని మనం వినే ఆపరేషన్లన్నీ మొదటి రకానికే. రెండో రకానికి దారి వేరు: మందులు, మూత్రాశయంలో బోటాక్స్ ఇంజెక్షన్లు, వెన్ను దిగువన నరాన్ని ఉత్తేజపరిచే చిన్న పరికరం.

కలయికలో పోయే మూత్రానికీ ఇదే తేడా కొంతవరకు వర్తిస్తుంది. ప్రవేశం జరిగే సమయంలో పోతే స్ట్రెస్ రకం కావచ్చని, భావప్రాప్తి సమయంలో పోతే మూత్రాశయం కండరం బిగుసుకోవడం వల్ల కావచ్చని మొదట్లో అనుకునేవాళ్లు. ఈ గీత అంత సూటిగా ఉండదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. స్ట్రెస్ లీక్ ఉన్నవాళ్లకే భావప్రాప్తి వేళ పోవడమూ ఉంది. అయినా ఎప్పుడు పోతోంది అన్న వివరం డాక్టర్‌కు బాగా పనికొస్తుంది. అర్జ్ రకం లీక్‌కు స్లింగ్ వేస్తే తగ్గకపోగా కొందరిలో అర్జెన్సీ పెరగవచ్చు కూడా.

లీక్ పడకగదిలో చేసే పని

ఆపరేషన్ ఏం మారుస్తుందో తెలియాలంటే అంతకుముందు పరిస్థితి ఏమిటో దగ్గరగా చూడాలి. లీక్ ఉన్న చాలామందికి కలయిక అంటే ముందుగా ఒక ఏర్పాటు. సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించడం, రెండుసార్లు బాత్రూమ్‌కు వెళ్లిరావడం, మంచం మీద టవల్ మడిచి వేసుకోవడం, లైటు తీసేయమనడం, పొట్ట మీద బరువు పడే భంగిమలను ఏదో ఒక సాకుతో తప్పించడం. మనసంతా ఒకే చోట కాపలా కాస్తూ ఉంటే కోరిక ఎక్కడి నుంచి వస్తుంది? ఆఖరి క్షణంలో పట్టు తప్పుతుందన్న భయంతో భావప్రాప్తి దాకా రాకుండానే తమను తాము ఆపుకునేవాళ్లు ఉన్నారు. లీక్ కాకూడదని కింది కండరాలను మొత్తం సమయం బిగించి ఉంచేవాళ్లకు ప్రవేశమే నొప్పిగా మారుతుంది. నొప్పి అలవాటైతే కోరిక ఇంకా తగ్గుతుంది.

దీనికి తోడు రోజంతా ప్యాడ్ తడిసి ఉండటం వల్ల వచ్చే ఒరుపు, మంట, వాసన వస్తోందేమోనన్న అనుమానం. భాగస్వామికి అసలు విషయం తెలియకపోతే ఆమె దూరం జరగడాన్ని అయిష్టంగా అర్థం చేసుకోవడం మామూలే. బయటికి కోరిక తగ్గిన కేసులా కనిపించేది లోపల తడిసిపోతానన్న భయం మాత్రమే కావచ్చు. ఆపరేషన్ నేరుగా సరిచేయగలిగేది ఈ భయాన్నే. కోరికను, భావప్రాప్తిని, యోని పొడిబారడాన్ని, సంబంధంలోని దూరాన్ని అది నేరుగా ముట్టుకోదు. ఫలితాల అంకెల్లో కనిపించే గందరగోళంలో సగం ఈ ఒక్క మాటతో విడిపోతుంది.

కత్తి ఎక్కడ పడుతుంది

1961లో అమెరికన్ వైద్యుడు జాన్ బర్చ్ పరిచయం చేసిన పద్ధతిలో మూత్రాశయం మెడ పక్కన ఉన్న యోని ముందుగోడ కణజాలాన్ని కుట్లతో పైకి లాగి, జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ఎముక) వెనక ఉన్న గట్టి లిగమెంట్‌కు కడతారు. యోని లోపల కోత ఉండదు. అయితే ముందుగోడ పైకి ముందుకు లాగబడటంతో వెనక భాగం మీద భారం పడి, కొన్నేళ్లకు యోని వెనక గోడ కిందికి జారే అవకాశం పెరుగుతుంది.

రెండో పద్ధతిలో పొట్ట గోడలోని గట్టి పొర నుంచి ఒక పట్టీ కోసి తీసి, మూత్రనాళం కింద ఊయలలా వేస్తారు. బయటి వస్తువేదీ ఒంట్లో ఉండదు. కోత పెద్దది, కోలుకోవడానికి సమయం ఎక్కువ పడుతుంది, మూత్రం పోయడం కష్టమయ్యే అవకాశమూ ఎక్కువే.

మూడోదే ప్రపంచమంతా పాకిన పద్ధతి. స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ బృందం 1990ల మధ్యలో వెలువరించిన ఈ విధానంలో యోని ముందుగోడ మీద, మూత్రనాళం నడిమి భాగానికి కింద, సుమారు ఒక సెంటీమీటరు కోత పెడతారు. ఆ కోతలోంచి సెంటీమీటరు వెడల్పున్న పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వల పట్టీని రెండు పక్కలా నడిపి, జఘనాస్థి వెనకగా పొత్తికడుపు చర్మం దాకా తీసుకొస్తారు. పట్టీ మూత్రనాళాన్ని బిగించదు. వదులుగా కింద ఉండి, దగ్గినప్పుడు మాత్రం ఆనిక ఇస్తుంది. వల రంధ్రాల్లోకి కణజాలం పెరిగి పట్టీని పట్టేసుకుంటుంది. 2001లో డెలోర్మ్ దీనికి ఇంకో దారి చూపించాడు: పట్టీని పైకి కాకుండా పక్కలకు, తొడల మొదట్లోంచి బయటికి తీసుకురావడం. ఆ తర్వాత ఒక్క కోతతోనే లోపల నాటేసే పొట్టి పట్టీలు వచ్చాయి. వీటిని మినీ స్లింగ్‌లంటారు.

శృంగారం వైపు నుంచి చూస్తే ఈ దారుల మధ్య తేడా చిన్నదేం కాదు. పైకి వెళ్లే పట్టీ యోని గోడను త్వరగా వదిలిపోతుంది. తొడల వైపు వెళ్లే పట్టీ యోని పక్క మూలల గుండా అడ్డంగా సాగుతుంది. సన్నగా ఉన్నవాళ్లలో, యోని ఇరుకుగా ఉన్నవాళ్లలో అక్కడ వేలికి తగిలే తాడులాంటి గట్టి పట్టీ ఏర్పడవచ్చు. ప్రవేశ సమయంలో సరిగ్గా అదే చోట నొప్పి. గజ్జల్లో, తొడల్లో నొప్పి కూడా ఈ దారిలోనే ఎక్కువని అనేక ట్రయల్స్‌ను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో తేలింది: పక్క దారిలో 6 శాతానికి పైగా, పై దారిలో 1 శాతానికి కాస్త ఎక్కువ. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2019లో పక్క దారిని ప్రత్యేక కారణం ఉంటే తప్ప సూచించవద్దని చెప్పింది.

క్లిటోరిస్‌కు వెళ్లే నరాలు ఇక్కడికి దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి స్పర్శ పోతుందేమో అన్న భయం కొందరికి ఉంటుంది. పట్టీ తన దారిలో తాను వెళ్తే ఆ నరాలకు కొంత ఎడంగానే సాగుతుంది. ఆపరేషన్ తర్వాత భావప్రాప్తి తగ్గిందని చెప్పినవాళ్లు లేకపోలేదు, పెరిగిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. మొత్తం మీద ఒకే దిశలో సాగే మార్పు అధ్యయనాల్లో కనిపించలేదు.

సగటు చెప్పేది, దాచేది

ఈ విషయంలో అంకెలు చాలావరకు ఊరటనిచ్చేవే. అమెరికాలో పైదారినీ పక్కదారినీ పోల్చుతూ 597 మందితో జరిగిన ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. అందులో లైంగిక జీవితం ఉన్న మహిళల స్కోరు ఆపరేషన్‌కు ముందు 48కి 33 దగ్గర ఉంటే ఏడాది తర్వాత 37 దాటింది. రెండు దారుల్లోనూ దాదాపు ఒకటే మెరుగుదల. బర్చ్ పద్ధతినీ సొంత కణజాలపు పట్టీనీ పోల్చిన అంతకుముందరి ట్రయల్‌లోనూ స్కోరు పెరిగింది. లీక్ నిజంగా ఆగినవాళ్లలో ఎక్కువగా, ఆగనివాళ్లలో తక్కువగా పెరిగింది.

అయితే ఆ స్కోరు దేనితో తయారైందో విప్పి చూడాలి. అది పన్నెండు ప్రశ్నల పత్రం, ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి 4 మార్కులు. కోరిక ఎంత తరచుగా కలుగుతుంది, భావప్రాప్తి వస్తోందా, నొప్పి ఉందా అనే ప్రశ్నలు అందులో ఉన్నాయి. వాటి పక్కనే కలయికలో మూత్రం పోతోందా, పోతుందన్న భయంతో దూరంగా ఉంటున్నారా అనే ప్రశ్నలు కూడా ఉన్నాయి. లీక్ ఆగగానే ఈ రెండిటి మార్కులు పెరగక తప్పదు. సిగ్గు, అపరాధ భావం గురించిన ప్రశ్నకూ కొంత పెరుగుతుంది. కోరికలో, భావప్రాప్తిలో వీసమెత్తు మార్పు లేకపోయినా మొత్తం స్కోరు నాలుగైదు మార్కులు ఎక్కవచ్చు. ఇంకో విడ్డూరం, భాగస్వామికి అంగస్తంభన సమస్య ఉందా, శీఘ్రస్ఖలనం ఉందా అని కూడా ఆ పత్రం అడుగుతుంది. ఆమె మూత్రనాళం కింద పట్టీ వేస్తే ఆయన మార్కులు ఎందుకు మారాలి? కొలత తప్పని కాదు, ఆ పత్రాన్ని ఈ సమస్యలున్న మహిళల కోసమే తయారుచేశారు. కానీ లైంగిక ఆరోగ్యం మెరుగైంది అన్న వాక్యం చదివినప్పుడు అందులో లీక్ ఆగిన సంతోషం ఎంత, శృంగార సుఖం ఎంత అని వేరుచేసి అడగాల్సిందే.

సగటుకు ఇంకో చిక్కు ఉంది. 2012లో ఝా బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసింది. కలయికలో లీక్ బాగా తగ్గింది, అందులో అనుమానం లేదు. శృంగార జీవితం మొత్తంగా ఎలా ఉందంటే సుమారు 55 శాతం మంది తేడా లేదన్నారు, 32 శాతం మంది బాగుపడిందన్నారు, 13 శాతం మంది పాడైందన్నారు. బాగుపడ్డవాళ్లు పాడైనవాళ్ల కంటే రెట్టింపుకు మించి ఉన్నారు కాబట్టి సగటు పైకే వెళ్తుంది. కానీ ఎనిమిది మందిలో ఒకరికి పాడవడం చిన్న సంగతి కాదు. ఆపరేషన్‌కు ముందు ఏ ఇబ్బందీ లేకుండా ఉన్న మహిళకు ఈ లెక్క ఒకలా కనిపిస్తుంది, లీక్ వల్ల ఏళ్లుగా దూరమైపోయిన మహిళకు ఇంకోలా కనిపిస్తుంది. పోగొట్టుకోవడానికి ఎక్కువ ఉన్నది మొదటామెకు, లాభపడే చోటు ఎక్కువ ఉన్నది రెండో ఆమెకు. ఇద్దరికీ ఒకే శాతం చెప్పి సంతకం తీసుకోవడం సరైన పని కాదు.

పైగా ఈ అధ్యయనాల్లో లెక్కకు రానివాళ్లు చాలామంది. పై అమెరికన్ ట్రయల్‌లో 597 మందిలో మొదట్లో లైంగిక జీవితం ఉందన్నవాళ్లు 406 మందే. మిగిలిన సుమారు మూడో వంతు మంది ఆ పత్రం పరిధిలోకే రాలేదు. వాళ్లలో భాగస్వామి లేనివాళ్లు ఉంటారు, ఆసక్తి లేనివాళ్లు ఉంటారు, లీక్ వల్లే మానేసినవాళ్లూ ఉండొచ్చు. ఆపరేషన్ తర్వాత మళ్లీ మొదలుపెట్టగలిగిన మహిళకు కలిగిన మేలు, నొప్పి భరించలేక పూర్తిగా మానేసిన మహిళకు జరిగిన కీడు, రెండూ ఇలాంటి లెక్కల్లోంచి సులువుగా జారిపోతాయి.

మినీ స్లింగ్ కథ దీనికి మంచి ఉదాహరణ. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన బ్రిటిష్ ట్రయల్‌లో 596 మందిని రెండు గుంపులు చేసి సగం మందికి పొట్టి పట్టీ, సగం మందికి మామూలు పట్టీ వేశారు. పదిహేను నెలలకు బాగుందన్నవాళ్లు 79 శాతం, 76 శాతం. లీక్ విషయంలో పొట్టి పట్టీ తీసిపోలేదు. లోకల్ అనస్థీషియాతోనే చేసేయొచ్చు కూడా. అక్కడితో ఆపితే గెలుపే. మూడేళ్లకు కలయికలో నొప్పి గురించి అడిగితే పొట్టి పట్టీ వాళ్లలో 11.7 శాతం మంది, మామూలు పట్టీ వాళ్లలో 4.8 శాతం మంది ఉందన్నారు. పట్టీ ముక్క యోనిలో బయటపడటం కూడా పొట్టి పట్టీలో కాస్త ఎక్కువే, 3.3 శాతం, రెండో దాంట్లో 1.9 శాతం. లీక్ ఆగిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో విజయాన్ని నిర్ణయిస్తే ఈ తేడా ఎవరి కంటా పడేది కాదు. ఎందుకింత తేడా అన్నదానికి తేలిగ్గా దొరికే జవాబు లేదు. పొట్టి పట్టీని కాస్త బిగువుగా, కణజాలంలోనే కొక్కేల్లాంటి చివరలతో నాటడం ఒక కారణమై ఉండొచ్చన్నది సబబుగా తోచే అనుమానం.

నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది

ఆపరేషన్ తర్వాత వచ్చే నొప్పికి కారణాలు ఒకటి కంటే ఎక్కువ. కోత మానిన చోట మచ్చ గట్టిపడటం ఒకటి. పట్టీ మరీ బిగుతుగా ఉండటం ఒకటి. పట్టీ యోని గోడలోంచి బయటికి పొడుచుకురావడం ఇంకొకటి. కోక్రేన్ సమీక్ష ప్రకారం ఇది సుమారు 2 శాతం మందిలో జరుగుతుంది. బయటపడ్డ వల అంచు గరుకుగా ఉంటుంది, ఆమెకు తెలియకముందే భాగస్వామికి గీరుకుని తెలుస్తుంది. ఆయనకు గీరుకుంటోందని ఆమె డాక్టర్‌తో చెప్పడానికి పడే సిగ్గువల్ల నెలలు గడిచిపోతాయి. నిజానికి డాక్టర్‌కు ఇంతకు మించిన స్పష్టమైన ఆధారం దొరకదు. ఆ ఒక్క వాక్యంతో పరీక్షలో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

జారిన అవయవాలకు (గర్భసంచి, యోని గోడలు కిందికి దిగడం) చేసే రిపేరు కూడా ఇదే సిటింగ్‌లో కలిస్తే లెక్క మారిపోతుంది. 2000లో వెబర్ బృందం 165 మందిని ఆపరేషన్‌కు ముందు, తర్వాత చూసింది. కలయికలో నొప్పి మొత్తం మీద 8 శాతం నుంచి 19 శాతానికి పెరిగింది. వెనక గోడ రిపేరు చేయించుకున్నవాళ్లలో 25 శాతం. బర్చ్, వెనక గోడ రిపేరు రెండూ కలిపి చేయించుకున్నవాళ్లలో 38 శాతం. ముందు గోడ పైకి లాగి, వెనక గోడ బిగిస్తే మధ్యలో దారి ఇరుకవడం ఊహించదగ్గదే. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే యోని పొడవు, ద్వారం వెడల్పు కొలిచి చూస్తే ఆ కొలతలకూ నొప్పికీ నేరుగా పొత్తు కుదరలేదు. కాబట్టి అంతా బాగానే మానిపోయింది, లోపల చోటు సరిపడా ఉంది అని డాక్టర్ చెప్పినంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

మెనోపాజ్ దాటినవాళ్లలో పొడిబారడం వేరే సమస్యగా ముందే ఉంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గి పలచబడ్డ గోడ మీద కోత పెడితే మానడం నెమ్మదిస్తుంది. ఆపరేషన్ తర్వాత నొప్పి మొదలైతే పట్టీనే నిందించడం సహజం, కానీ చాలాసార్లు అసలు దోషి ఈ పొడిబారడమే. యోనిలో వాడే ఈస్ట్రోజెన్ క్రీమ్ కొన్ని వారాల్లో తేడా చూపిస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నవాళ్లు మాత్రం క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడకుండా దీన్ని వాడకూడదు.

ఇక మెష్ (ప్లాస్టిక్ వల) వివాదం. అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో, 2011లో హెచ్చరికలు చేసి, అవయవాలు జారినప్పుడు యోని ద్వారా పెట్టే పెద్ద మెష్ అమ్మకాలను 2019 ఏప్రిల్‌లో ఆపించింది. ఆ ఉత్తర్వు లీక్ కోసం వేసే సన్నని పట్టీకి వర్తించలేదు. వార్తల్లో రెండూ ఒక్కటే అయిపోవడంతో పట్టీ అనగానే భయపడే పరిస్థితి వచ్చింది. అలాగని భయానికి ఆధారం లేదనీ అనలేం. బ్రిటన్ 2018లో పట్టీ ఆపరేషన్లకు కూడా విరామం ప్రకటించింది. బారోనెస్ కంబర్లెజ్ నేతృత్వంలో వేసిన సమీక్ష 2020లో నివేదిక ఇచ్చింది. నొప్పితో, లైంగిక జీవితం పోగొట్టుకుని, చెప్పినా నమ్మేవాళ్లు లేక ఏళ్లు గడిపిన మహిళల వాంగ్మూలాలు అందులో ఉన్నాయి. సగటులు పైకి వెళ్తున్న అదే కాలంలో ఈ మహిళలూ ఉన్నారు. ఒకదానికొకటి విరుద్ధం కాదు. పట్టీ ఎక్కువమందికి మేలు చేసింది, కొద్దిమందికి కోలుకోలేని కీడు చేసింది. ఆ కొద్దిమంది మాట వినడానికే ఎక్కువ కాలం పట్టింది.

నిర్ణయానికి ముందు

కత్తికి ముందు మెట్లు ఉన్నాయి. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చిన కటి కండరాల వ్యాయామం వాటిలో మొదటిది. ఫిజియోథెరపిస్ట్ పర్యవేక్షణలో కనీసం మూడు నెలలు చేయాలన్నది ప్రామాణిక సూచన. లీక్ తగ్గించడంతో పాటు కండరాలను బిగించడం, వదలడం రెండూ నేర్పుతుంది కాబట్టి శృంగారానికీ పనికొస్తుంది. వదలడం నేర్చుకోకుండా బిగించడమే చేసేవాళ్లకు నొప్పి పెరిగే ప్రమాదం ఉంది. భయంతో ముందే బిగబట్టి ఉన్న మహిళకు ఇంకా బిగించమని చెప్పడం ఎదురు తిరిగే సలహా.

మూత్రనాళం గోడలోకి జెల్ ఎక్కించే బల్కింగ్ ఇంజెక్షన్ ఇంకో దారి. యోనిలో కోత లేదు, పట్టీ లేదు. ఆ వైపు నుంచి వచ్చే నొప్పి భయం బాగా తగ్గుతుంది. అయితే లీక్ ఆపడంలో పట్టీకి సాటిరాదు. ఫిన్లాండ్‌లో రెండిటినీ నేరుగా పోల్చిన ట్రయల్‌లో ఏడాదికి తృప్తి చెందినవాళ్లు పట్టీలో 95 శాతం, ఇంజెక్షన్‌లో 60 శాతం. శృంగారంలో నొప్పి రాకూడదన్నదే అన్నిటికంటే ముఖ్యమైన మహిళ ఈ బేరాన్ని తెలిసే ఒప్పుకోవచ్చు. అర్జ్ లీక్ ఉన్నవాళ్లకు బోటాక్స్, నరం ఉత్తేజం రెండూ యోని గోడను ముట్టుకోవు. బోటాక్స్ తర్వాత కొంతమందికి మూత్రం పూర్తిగా పోయక కొన్నాళ్లు ట్యూబ్ వాడాల్సి రావడం, ఇన్ఫెక్షన్లు రావడం మాత్రం ఉన్నాయి.

డాక్టర్‌ను అడగాల్సినవి పెద్ద పెద్ద ప్రశ్నలేం కావు. కలయికలో లీక్ ఏ సమయంలో అవుతుందో చెప్పి, ఈ ఆపరేషన్ దాన్ని ఆపుతుందా అని అడగొచ్చు. పట్టీ ఏ దారిలో వేస్తారు, ఎందుకు ఆ దారే? జారిన అవయవాలకు రిపేరు కూడా కలుపుతున్నారా? ఇప్పటికే నొప్పి ఉంటే అది ముందే నమోదు చేయించుకోవడం చాలా అవసరం. లేకపోతే ఆపరేషన్ తర్వాత పాత నొప్పి ఏది, కొత్త నొప్పి ఏది అన్న వాదన తెగదు. డాక్టర్ ఈ ప్రశ్నలకు చిరాకు పడితే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లడం తప్పేం కాదు.

ఆపరేషన్ తర్వాత సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు కలయిక వద్దంటారు. కుట్లు కరిగి, కోత మానడానికి ఆ సమయం కావాలి. మొదటిసారి కాస్త బిగువుగా, కొత్తగా అనిపించడం మామూలే. లూబ్రికెంట్ వాడటం, తొందరపడకపోవడం, ఆమె అదుపులో ఉండే భంగిమ ఎంచుకోవడం సాయపడతాయి. రెండు మూడు నెలలు దాటాక కూడా నొప్పి తగ్గకపోయినా, కొత్తగా స్రావం, రక్తం కనిపించినా, భాగస్వామికి గీరుకున్నా పరీక్ష చేయించుకోవాలి. వేలితో నొక్కి నొప్పి ఎక్కడుందో వెతికితే మచ్చా, కండరం పట్టేసిందా, పట్టీ బయటపడిందా అన్నది చాలావరకు తేలుతుంది. కండరం పట్టేస్తే ఫిజియోథెరపీ. చిన్న ముక్క బయటపడితే ఈస్ట్రోజెన్ క్రీమ్, దానితో మానకపోతే ఆ ముక్క వరకు కత్తిరించి కుట్టేయడం.

పట్టీ మొత్తం తీసేయడం వేరే స్థాయి ఆపరేషన్. కణజాలం వలలోంచి పెరిగిపోయి ఉంటుంది కాబట్టి వేసినంత సులువుగా బయటికి రాదు. ఇందులో బాగా అనుభవం ఉన్న సర్జన్ దగ్గరే చేయించుకోవాలి. తీసిన తర్వాత నొప్పి కొందరికి పూర్తిగా, కొందరికి కొంతే తగ్గుతుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. లీక్ తిరిగి రావడం కూడా ఉంది. అప్పుడు వ్యాయామంతో సరిపెట్టుకోవాలా, జెల్ ఎక్కించుకోవాలా, సొంత కణజాలపు పట్టీకి వెళ్లాలా అన్న నిర్ణయాన్ని పట్టీ తీసిన రోజే తొందరపడి తీసుకోనక్కర్లేదు. కొన్ని నెలలు ఆగి, నొప్పి ఎంత మిగిలిందో, లీక్ ఎంత వచ్చిందో చూసుకుని తర్వాతి ఆపరేషన్ గురించి ఆలోచించుకోవచ్చు.